అల్లుడు తవ్విన దొరువు

మా టిఫిన్ బండి పక్కనున్న ఖాళీ జాగల ఏదో హాస్టల్ కడుతున్నరు, ఇంజనీరింగు పిల్లలకట. నిన్న తెల్లారంగనే టిప్పరొకటి వచ్చి తడి ఇసుక కుప్పపోసి పోయింది. పెనం మీద దోశ కాలుతున్నది, కోదాడ చలికి చేతులు చంకల్ల పెట్టుకొని నలుగురు ఎదురుగ నిలబడ్డరు, పల్లి చట్నీ, డీజిలు పొగ, అల్లం చాయ్, ఇన్ని వాసనల నడుమ సందు చేసుకొని ఆ తడి ఇసుక వాసన వచ్చి నా ముక్కు పట్టి గుంజింది. దోశను దాని ఖర్మకు వదిలేసి, అట్లకాడ చేతిల ఉండంగనే పోయి కుప్ప ముందు కూసున్న. పైన పొడిపొడిగ ఉన్నది. బెత్తెడు దిగంగనే చల్లగ తగిలింది. ఇంకొంచెం దిగితే వేళ్లకు అంటుకునే తడి. మోచెయ్యి మునిగేదాక తవ్విన.

"ఓ అక్కా, గా ఇసుకల ఏమన్న బంగారం పాతిపెట్టినవా?" అన్నడు వాచ్‌మన్.

"బంగారం కాదు తమ్మీ, చిన్నప్పుడు సముద్రం ఒకటి పారేసుకున్న. ఈడున్నదేమో అని సూస్తున్న."

పాపం ఆయన నిజమే అనుకున్నడో ఏమో, కుప్ప చుట్టూ ఒకసారి తిరిగి చూసిండు. దోశ మాడింది. "ఎర్రగ కాల్చిన, స్పెషల్" అని ఇస్తే తిన్నాయన మారు మాట్లాడలేదు. బండి వెనుక స్టూలు మీద కూసోని ఉల్లిగడ్డలు కోస్తున్న మా నాయిన మాత్రం చాకు ఆపి, నేను చేసిన గుంత దిక్కే చూసుకుంట ఉండిపోయిండు. ఆయన కండ్లల్ల నీళ్లు ఉల్లిగడ్డలవే అని రాస్తున్న. కాదని రాస్తే ఊకోడు.

మా నాయిన బోరు బండి మీద పనిచేసిండు. మిర్యాలగూడ సేటు బండి అది. సూర్యాపేట చుట్టుపక్కల కాల్వ నీళ్లు ఎక్కని మిట్టలన్నీ ఆయన పొడిచినవే, మా ఊరుతో సహా. ఆ బండి ఊళ్లెకొస్తే పెండ్లి లెక్కనే, కొబ్బరికాయ, పసుపు కుంకుమ, చుట్టూ జనం. ఆ తర్వాత చెవులు పగిలే చప్పుడు, తెల్లటి దుమ్ము లేసి చెట్లు, బర్లు, మనుషులు అందరూ పిండిల పొర్లినట్టు. నాయిన ఇంటికొచ్చేటప్పటికి కనురెప్పల మీద కూడ ఆ దుమ్ముండేది. చెవులు సరిగ వినపడక, పక్కల కూసున్నోళ్లతో కూడ పక్క ఊరోళ్లను పిలిచినట్టు మాట్లాడేటోడు. ఆయనకు ఒక్కటే మంత్రం తెలుసు: "ఇంకో రాడ్ దించుదాం, పడుతది." రాడ్ అంటే బోరు బండి భూమిలకు దించే ఇనుప గొట్టం. నీళ్లు పడకపోతే ఇంకోటి, అప్పటికీ పడకపోతే మరోటి. మాది అసొంటి నేల. నీళ్లు కిందనే ఉంటయి, ఇంకా కింద, దానికింకా కింద. ఎంత దిగితే అంత ఆశ. ఆ మంత్రాన్ని ఆయన ఇంట్ల కూడ వాడేటోడు. కూరల ముక్క తగలకపోతే గరిటెను గిన్నె అడుగుకు పంపి "ఇంకో రాడ్" అనేటోడు. నేను లెక్కల్ల తప్పితే బడికొచ్చి మా సారుతోని కూడ అదే అన్నడు, "ఇంకో ఏడు దించుండ్రి సారు, పడుతది" అని. పడలేదు. ఏడో తరగతి దాక నేను బడిని చదివిన, ఆ మీద బడి నన్ను చదవలేకపోయింది.

మా అమ్మది సముద్రం ఒడ్డు. చీరాల దాటినంక, తాడిచెట్లు, సరుగుడు తోపుల నడుమ ఇసుకల సగం కూరుకుపోయినట్టుండే చిన్న పల్లె. వాళ్ల పిన్ని కుటుంబం ఎప్పుడో కోదాడ దిక్కుకు వచ్చి కాల్వ కింద పొలం చేసుకుంటుండె; నాట్ల కాలంల పిన్నికి సాయంగ అమ్మ వచ్చింది; ఆ పిన్ని పెరట్లనే బోరు వెయ్యనీకి మా నాయిన బండి వచ్చింది. బోరు దుమ్ము లేపి పోయిందిగానీ సంబంధం నిలబడ్డది. మా ఊళ్లె అమ్మను "ఆంధ్రామె" అనేటోళ్లు, అక్కడికి పోతే మమ్మల్ని "తెలంగాణోళ్లు" అనేటోళ్లు, నడుమ నేను రెండు దిక్కుల భాషను ఎక్కిరించుకుంట, రెండు దిక్కుల వీపు మీద తినుకుంట పెరిగిన.

అమ్మ ఏడాదికి ఒక్కటే అడిగేది. బంగారం అడగలే, చీర అడగలే. "చలికాలంలో ఒక్క వారం మా అమ్మ దగ్గిరికి తీసకపోండి" అనేది, అంతే. అది కుదిరే నెల కూడ ఒక్కటే. పుష్యం శూన్యమాసమని మా దిక్కు ఎవ్వరూ బోరుకు కొబ్బరికాయ కొట్టరు. బండి మిర్యాలగూడల సేటు షెడ్డుల పడుకుంటది, నాయిన ఇంట్ల పడుకోవాలె. పడుకుంటే కద! ఆయన కాళ్లల్ల ఇంజను నడుస్తనే ఉండేది. మంచం నులక విప్పి మళ్ల అల్లేటోడు, మంచిగున్న దడిని పీకి మళ్ల కట్టేటోడు, కోళ్లగూడును ఈ మూల నుంచి ఆ మూలకు, ఆ మూల నుంచి ఈ మూలకు మారిస్తే కోళ్లు కూడ గుడ్డు యాడ పెట్టాల్నో తెలవక పరేషానయ్యేటియి. పండుగ దాటి సకినాలు డబ్బా అడుగుకు చేరేదాక అమ్మ ఓపిక పట్టి, అప్పుడు మేకుకు వేలాడే పెద్ద సంచి దించి దులిపేది. ఆ సంచి దులిపిన చప్పుడు వింటే చాలు, నాకు కాళ్లు భూమ్మీద నిలిచేటియి కావు.

మిర్యాలగూడల రైలెక్కుడు. ప్లాట్‌ఫారం మీద చలికి నోట్లకెళ్లి పొగొస్తుంటే నేను రెండు వేళ్లు మూతికి పెట్టుకొని చుట్ట తాగే మా తాత లెక్క దగ్గేదాన్ని, తమ్ముడు నవ్వి నవ్వి అమ్మ చంకలకెళ్లి జారేటోడు. జొన్నరొట్టెలు, పుంటికూర తొక్కు మూట విప్పితే రైలు డబ్బాల ఉన్నోళ్లందరూ ఒకసారి ఇటు తిరిగేది. వాడపల్లి దిక్కు సిమెంటు దుమ్ముకు చెట్లన్నీ బూడిద పూసుకొని కనిపిస్తే నాయినకు డ్యూటీ యాదికొచ్చి కూసున్నకాన్నుంచి లేసేటోడు. కృష్ణ మీద వంతెన ఎక్కినప్పుడు అందరూ దండం పెడుతుంటే, ఆయన కిటికీకి ముఖం ఆనిచ్చి "ఎంత లోతుంటదో" అనేటోడు. గుంటూరుల బండి మారేటప్పటికి అమ్మ భాష కూడ మారేది. మిర్యాలగూడల "జర జరుగుండ్రి" అన్న మనిషే గుంటూరుల "కొంచెం జరగండీ" అనేది, అనంగనే ఆమె భుజాలు కూడ జరంత కిందికి దిగినట్టు, ఎవరో నెత్తి మీది బిందె దించుకున్నట్టు ఉండేది.

సముద్రం కనపడకముందే ఒంటికి తగిలేది. నాలుక మీద ఉప్పు, ముక్కుల ఎండుచేపలు, తాటాకు పొగ, ఆ మీద ఎడతెగని హోరు, బోరు బండి దూరంగ ఎక్కడో నడుస్తున్నట్టు. అమ్మమ్మోళ్ల ఇల్లు తాటాకు ఇల్లు, వాకిలంతా ఇసుక. పొద్దున్నే ఊడుస్తే చీపురు గీతలు పడేటియి, ఆ గీతల మీద ఎవరి అడుగులు ముందు పడాలె అని నాకూ తమ్ముడికీ కొట్లాట. మా ఊళ్లె పొద్దు గుట్ట ఎక్కి వచ్చేది, ఆడ సముద్రంల తానం చేసి వచ్చేది. మొదటిసారి ఆ నీళ్లను చూసి నేను ఏడ్చిననట, "ఇన్ని నీళ్లుంటే మా నాయినకు పనెట్ల దొరుకుతది?" అని. అమ్మమ్మ పొయ్యిల తాటి తేగలు కాల్చి పెట్టేది. పైపొర ఒలిచి, చీల్చి, పీచు తీసి నములుతుంటే చలికాలమంతా నోట్ల పిండి పిండిగ కరిగేది. ఒడ్డున ఎండ్రకాయల బొక్కలల్ల పొడి ఇసుక పోసి, ఆ తెల్లటి జాడ పట్టుకొని తవ్వుకుంట పోవుడు నాకు ఆ ఊరి పిల్లలు నేర్పిన ఆట. సగం దూరం పోయేటప్పటికి నాయిన వచ్చి నన్ను జరిపి తానే తవ్వేటోడు. ఎండ్రకాయ దొరికేదాక లేవకపోయేది. అది ఆయన వేలు పట్టుకుంటే మేము చప్పట్లు.

అయితే ఆ ఊళ్లె నాయినకు అసలు తమాషా అనిపించింది సముద్రం కాదు, దొరువు. అమ్మమ్మోళ్ల ఇంటి వెనుక ఇసుక చెలక. దాని నడుమ మనిషి దిగేటట్టు ఏటవాలుగ తవ్విన గుంత. దాని అడుగుకు మోకాలి లోతు నీళ్లు. కూతవేటు దూరంల సముద్రం ఉప్పు కక్కుకుంట ఉంటే ఈ గుంతల నీళ్లు మాత్రం కొబ్బరి నీళ్ల లెక్క తియ్యగ. దాన్నే దొరువంటరు. చుట్టూ కనకాంబరం మళ్లు, తోటకూర మళ్లు. అమ్మమ్మ రెండు చేతుల్ల రెండు కుండలు పట్టుకొని దిగేది, ముందుగాల దోసిలితో ఒక గుక్క తాగేది, అప్పుడు కుండలు ముంచి పైకి వచ్చి మొక్క మొక్కకు పోసేది. కొన్ని కుండలు తియ్యంగనే అడుగు కనపడేది. అప్పుడు ఇద్దరు ముసలోళ్లు గట్టు మీద కూసోని ఊట ఊరేదాక ఎదురుచూసేది, తాత చుట్ట ముట్టిచ్చుకొని, అమ్మమ్మ ఒళ్లె పూలు పెట్టుకొని మాల కట్టుకుంట.

ఆ ఎదురుచూసుడు మా నాయినకు పడలేదు. "ఏంది మామా, కూసుంటె నీళ్లొస్తయా?" అనేటోడు.

"వస్తాయి అల్లుడుగారూ. ఎట్టా రాకుండా పోతాయి? మీరు కూర్చోండి, మీరూ చూడండి."

"నువ్వు లే మామా, నేను సూస్త. గా పార ఇయ్యి ఒక్కసారి."

తాతకు "మీరు", నాయినకు "నువ్వు". మా దిక్కు మామను నువ్వు అంటే ప్రేమ. ఆడ పక్కింటోళ్లు చెవులు కొరుక్కునేది. తాత మాత్రం పట్టించుకునేటోడు కాదు, ఆయన పట్టుదల అంతా ఇంకో సంగతి మీద ఉండేది. అల్లుడు అత్తారింట్ల చెయ్యి తడి చేసుకోవద్దు. కుండ ముట్టొద్దు, పార పట్టొద్దు, ఆఖరుకు తాగిన చెంబు కూడ పక్కకు పెట్టొద్దు. బోరు బండి మీద ఇనుము మోసిన మనిషిని వారం పాటు నులకమంచం మీద కూసోబెట్టి తేగలు తినిపిస్తే ఏమైతడు? మంచం కోళ్లు లెక్కపెట్టేటోడు, సముద్రం దాక పోయేటోడు, వచ్చేటోడు, మళ్ల పోయేటోడు. "ఏందే, గీడ ఊకె కూసుంటె నడుములు పట్టుకపోతున్నయ్. మీ అమ్మ గా వయసుల కుండలు మోస్తాంది, నేను ఎద్దులెక్క తింటున్న" అని అమ్మ మీద ఇసుక్కునేటోడు. అమ్మ నవ్వేది. ఆ వారమంతా ఆమె దేనికైనా నవ్వేది.

ఒక ఏడు అట్లనే పోయినప్పుడు, ఒకరోజు పొద్దున అమ్మమ్మ, తాత పూల గంప, తోటకూర కట్టలు ఎత్తుకొని చీరాల అంగడికి పోయిన్రు. తమ్ముణ్ని ఎత్తుకొని అమ్మ కూడ పోయింది. ఇంట్ల నేను, నాయిన. వాళ్లు మలుపు తిరిగిన్రో లేదో ఆయన తాటాకు చాటుకు పోయి పార పట్టుకొని వచ్చిండు. ముఖం చూస్తే పండుగ.

"బిడ్డా, వాళ్లు వచ్చేటాలకు దొరువు నిండ నీళ్లుండాలె. మీ అమ్మమ్మ నోరు తెరిచి సూడాలె. ఇగ కూసునే పనే ఉండొద్దు వాళ్లకు."

గమేళా పట్టుకొని నేను కూలి. ఆయన లుంగీ ఎగజెక్కి దొరువుల దిగి కిందికి తవ్వుడు షురూ చేసిండు. ఇసుక ఆగుతదా, ఒక పార తీస్తే రెండు పారలు జారుతది. ఆయన ఆగుతడా, ఆ జారినదాన్ని కూడ తీసేటోడు. కూనిరాగం తీసుకుంట, నన్ను "ఎయ్ హెల్పరూ" అని పిలుసుకుంట, ఎన్నడూ లేనంత సంబురంగ. నడుము లోతు దిగినంక నీళ్లు బుడబుడ వచ్చినయ్. మోకాలి నుంచి తొడకు, తొడ నుంచి నడుముకు. మా ఊళ్లె నీళ్లు పడ్డప్పుడు రైతులు ఎగిరినట్టు ఈయన ఎగిరిండు.

"పడ్డది! సూడు, మెషిన్ లేదు, రాడ్ లేదు, వట్టి చేతులతోని!"

ఇసుక మోసి మోసి నాకు దూపయింది. దోసిలి పట్టి తాగిన.

"నాయినా, ఉప్పగున్నది."

"చెమటది. మూతి తుడుసుకొని తాగు."

తుడుచుకొని తాగిన. "సముద్రం లెక్కనే ఉన్నది నాయినా."

ఆయన తాగిండు. పుక్కిలించి ఉమ్మేసిండు. ఇంకోసారి తాగిండు. ఆ తర్వాత ఏం చేసిండో చూడుండ్రి, అది మా నేల మీద పుట్టినోడు తప్ప ఎవ్వడూ చెయ్యడు. మా మిట్టలల్ల కొన్ని బోర్లకు పైన చెడ్డ నీళ్లు తగిలినా, కిందికి పోతే మంచియి దొరుకుతయి. "పైనవి చెడ్డయి. ఇంకొంచెం దిగుతె తియ్యటియి పడుతయి" అని మళ్ల పార ఎత్తిండు. దిగినకొద్దీ ఉప్పు. దిగినకొద్దీ ఉప్పు. మెడ దాక నీళ్లల్ల నిలబడి, పార ఆపి, ఆయన మొదటిసారి పైకి చూసిండు. పైన నేను తప్ప ఎవ్వరూ లేరు.

అమ్మమ్మోళ్లు అంగడి నుంచి వచ్చిన్రు. అమ్మమ్మ గంప దించంగనే కుండలు పట్టుకొని చెలక దిక్కు పోయింది, దొరువు నిండ నీళ్లు చూసి "ఓరి నాయనో, ఎన్ని నీళ్ళో!" అన్నది. ఆ ఒక్క క్షణం మాత్రం నాయిన కోరుకున్నట్టే నోరు తెరిచింది. అలవాటుగ వంగి ఒక గుక్క తాగింది. కుండలు చేతుల్లకెళ్లి జారినయ్. వెనుకనే వచ్చిన తాత కూడ దిగి తాగిండు. మొక్కలను చూసిండు, నీళ్లను చూసిండు, పక్కన తడి లుంగీతో గజగజ వణుక్కుంట తల వంచుకొని నిలబడ్డ అల్లుణ్ని చూసిండు. మెడల నరాలు లేచినయ్. కానీ అల్లుడు. తిట్టనీకి రాదు. తిప్పుకొని తిప్పుకొని ఆయన చూపు పార మీద పడ్డది.

"ఏమే పారా! నువ్వీ ఇంట్లో పెరిగినదానివేనా? ఎంత లోతులో ఆగాలో నీకు తెలవదా? ముప్పొద్దులా ఈ ఇసకలోనే పొర్లతా ఉంటివే, నీకేం పొయ్యేకాలం వచ్చింది? ఎవురు పిలిస్తే వాళ్ళతో పోవటమేనా, సిగ్గులేనిదానా!"

"ఏందయ్యా, ఎంతసేపు తిడతావు? అల్లుడుగారు చలికి వణికిపోతన్నారు" అన్నది అమ్మమ్మ.

"నేను ఆయన్నేమన్నా అన్నానా? పారనేగా అంటంది!"

నాయిన తల వంచుకోనే ఒక అడుగు ముందుకేసిండు. "మామా, దాన్నెందుకంటవ్, నన్నే అను."

"మిమ్మల్ని ఎట్టా అంటానండీ అల్లుడుగారూ!" అని చేతులు జోడించి, మళ్ల పార దిక్కు తిరిగి ముందటికంటె జోరుగ అందుకున్నడు. నాకు నవ్వు ఆగక చెయ్యి కొరుక్కున్న. అప్పుడు అమ్మ ముఖం కనిపించింది. వెనుక గుమ్మంల కూసోని కొంగు ముడి వేస్తున్నది, విప్పుతున్నది. కొరుక్కున్న చెయ్యి దించిన.

"మళ్ళీ ఏడు ఈ గుమ్మం తొక్కటానికి మీ నాన్నకి మొహం చెల్లుద్దా?" అన్నది, నాతోటి కూడ కాదు, ముడితోటి.

ఆ సాయంత్రం అమ్మమ్మ నాకు పాలగిన్నె చూపించి చెప్పింది. వానలకు ఇసుకల ఇంకిన తీపి నీళ్లు కింది ఉప్పు నీళ్ల మీద మీగడ లెక్క తేలుతుంటయట. మీగడ దాక ముంచుకోవాలె, మళ్ల కట్టేదాక ఆగాలె, అంతే. "మీ నాన్న గిన్నె అడుగు గోకాడమ్మా" అన్నది. దాంట్ల కోపం లేదు. అదే నాయినకు ఎక్కువ తగిలింది.

తెల్లారి ఆయన తవ్వినదంతా తానే పూడ్చిండు. చేతులతోని ఇసుక నెట్టి, అరిచేతులతోని అద్ది అద్ది, పసిపిల్లకు దుప్పటి కప్పినట్టు. ఆ తర్వాత తాత ఎంత మొత్తుకున్నా వినకుండ అమ్మమ్మ కుండలు గుంజుకొని, చెలక అవతల పక్కింటోళ్ల దొరువుకాడికి నడిచిండు. ఇసుకల కుండలతో నడుచుడు ఆయనకెట్ల వస్తది? అడుగు కూరుకుపోతది, కుండ వంగుతది, సగం నీళ్లు కాళ్ల మీదనే. గట్ల మీద ఆడోళ్లు వరుసగ నిలబడి, "అల్లుడుగారూ, పూలకి పోస్తన్నారా, మీ కాళ్ళకి పోస్తన్నారా?" "పొయ్యనియ్యవే, కాళ్ళు చిగురేస్తాయేమో!" అని సరసాలు. ఆయన నవ్వలేదు, ఆగలేదు. సెలవు అయిపోయినా కదలలేదు. సముద్రం దిక్కు మళ్లు ఎండిపోయినయ్. ఇంటి దిక్కు మళ్లు బతికినయ్. రోజూ లేవంగనే దొరువుల వేలు ముంచి నాలుకకు రాసుకునేటోడు, ఉమ్మేసేటోడు. మేము బయలెల్లిన పొద్దున కూడ ఉమ్మేసిండు. తాత తేగల కట్ట చేతికిచ్చి "మళ్ళీ ఏడు రండి" అంటే, నాయిన తలూపిండు గానీ అది అవునో కాదో దేవునికే తెలుసు.

వానలొచ్చినయ్, పోయినయ్. నాట్లు, కోతలు అయిపోయినయ్. మళ్ల పుష్యం వచ్చింది, బండి షెడ్డుకు పోయింది, కోళ్లగూడు మూల మారింది. పండుగ దాటింది. సకినాలు డబ్బా అడుగుకు చేరింది. అమ్మ అడగలే. సంచి మేకుకే ఉన్నది. నాయిన దాని దిక్కు చూసేటోడు, బయటికి పోయేటోడు, కోళ్లగూడు ఇంకో మూలకు మార్చేటోడు. నేను రోజుకు ఒకసారి ఆ సంచిని చేత్తో కొట్టి చప్పుడు చేసేదాన్ని, ఎవరికన్న యాదికొస్తదేమో అని. ఇంట్ల ముగ్గురికీ అదే యాది, ముగ్గురి నోట్లె అదే మాట లేదు.

ఒక మధ్యాహ్నం బస్సు దిగి ఎవరో ముసలాయన మా బజారుల నడుచుకుంట వస్తున్నడు, ఒక చేతిల చుట్ట, ఒక చేతిల మూతికి గుడ్డ కట్టిన స్టీలు పాలక్యాను. మా తాత. ఒక్కసారి కూడ మా ఊరు రాని మనిషి. ఆ క్యాను కుదుపుకు చిందకుండ పట్టుకొని, రైలు మారి, బస్సు మారి వచ్చిండు. గడపల కూసోని, గుడ్డ విప్పి, "అమ్మాయ్, గ్లాసు తే" అన్నడు అమ్మతోటి. గ్లాసు నిండ పోసి నాయిన ముందు పెట్టిండు.

"తాగండి అల్లుడుగారూ."

నాయిన గ్లాసు దిక్కు చూసిండు గానీ ముట్టలే. "మామా..."

"తాగండి, మన దొరువు నీళ్ళే. నేను పారకి కూడా క్షమాపణ చెప్పే వచ్చాను."

నాయిన గ్లాసు ఎత్తిండు. ముందుగాల పెదాలకు తాకించిండు, ఆగిండు. ఆ తర్వాత గుటగుట తాగిండు. గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టి, తాత దిక్కు కూడ చూడకుండ, ఇంకింత పొయ్యమని గ్లాసు ముందుకు జరిపిండు.

"ఇంకో రాడ్ దించు నాయినా, పడుతది" అన్న నేను.

తాతకు చుట్ట పొగ గొంతుల అడ్డంబడ్డది. నాయిన నవ్విండు, నవ్వుతుంటే కండ్లు తుడుచుకున్నడు. అప్పుడు ఇంట్ల ఉల్లిగడ్డలు కూడ లేవు. అమ్మ లేచి మేకుకున్న సంచి దించి దులిపింది. తాత ఆ దుమ్ముకు తుమ్ముకుంట, "పార మాత్రం పక్కింట్లో దాచిపెట్టి వచ్చాను. ఆ ధైర్యంతోనే పిలుస్తన్నా" అన్నడు. మిగిలిన నీళ్లు వాడకట్టు అంతా తలా గుక్కెడు తాగి "చక్కెర ఏసిన్రా?" అని అడిగిన్రు. ఫ్లోరైడు నీళ్లకు పచ్చపడ్డ పండ్లతోని మా ఊరంతా నవ్వుడు నేను చూసింది ఆ రోజే.

అమ్మమ్మ, తాత ఇప్పుడు లేరు. ఆ మధ్య చీరాల దిక్కు ఒక పెండ్లికి పోతే, అటే పోయి చూసి వచ్చినం. తాడిచెట్లు కొన్ని ఉన్నయ్. చెలక లేదు, చదును చేసి సిమెంటు పలకలు పరిచిన్రు, కార్లు పెట్టుకునే జాగ అది, ముందట గేటు, లోపల అద్దెకిచ్చే రంగు గదులు, గదుల వెనుక రొయ్యల చెరువు. దొరువు యాడ ఉండెనో అడుగులు వేసి చూద్దామంటే గేటుకాడి ఆయన లోపలికి రానియ్యలే. పక్కన బడ్డీకొట్టుల నీళ్ల సీసాలు అమ్మే ఆమెను అడిగిన. "దొరువులా? అందరూ బోర్లేసి మోటార్లు పెట్టాక ఉప్పెక్కిపోయినయ్యమ్మా, ఎప్పుడో పూడ్చేశారు" అన్నది. నాయిన ఆ మాట విని గేటు దిక్కు ఒకసారి తిరిగి చూసిండు. గుంటూరుల రైలు మారేటప్పుడు, "నేనొక్కడినే చేసిననుకున్న బిడ్డా. అందరూ దిగిన్రు" అన్నడు.

మా ఊళ్లె ఇప్పుడు ఇంటింటికి నల్లా. బోరు బండ్లు పుష్యంల కూడ నడుస్తున్నయట, శూన్యమాసమని ఎవ్వరూ ఆగుతలేరు. తేగలు ఎవరన్న తెచ్చిస్తే తింటం గానీ, పీచు ఎక్కువ, పిండి తక్కువ అనిపిస్తది. నా పండ్లు ముసలివైనయో, తేగలు మారినయో తెలవదు. అమ్మ ఇప్పుడు చలికాలం వస్తే ఏమీ అడగదు. సంచి ఉన్నది, దాంట్ల మినపపప్పు పోసినం.

నిన్న టిఫిన్ల గిరాకి తగ్గినంక మళ్ల పోయి ఆ ఇసుక గుంత ముందు కూసున్న. పొద్దటి గుంతనే, ఇంకొంచెం దించుదామని. వెనుక చెప్పుల చప్పుడయింది. నాయిన. ఉల్లిగడ్డ వాసన చేతులతోని నా పక్కన మెల్లగ గొంతుకూసున్నడు, మోకాళ్లు పట్టుకొని. గుంతలకు చెయ్యి పెట్టి అడుగును రెండు వేళ్లతో తాకి చూసిండు.

"తడి తగిలింది గద," అన్నడు. "సాలు బిడ్డా. ఇగ దిగకు."

నేను చెయ్యి తీసిన. ఆయన ఇసుకను మెల్లగ లోపలికి నెట్టి, పైన అరిచెయ్యితో అద్ది సాపు చేసిండు.

"దొరికిందా అక్కా నీ సముద్రం?" అని అరిచిండు వాచ్‌మన్, ఆ పక్క నుంచి.

"దొరికింది తమ్మీ," అన్న, చేతులు దులుపుకుంట. "మీగడంత."